ఏడు రెక్కల చెరసాల

‘కాలాపానీ’ అన్న మాటనూ ‘సెల్యులార్ జైలు’ అన్న మాటనూ ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడటం తెలుగులో పరిపాటి అయింది గాని, చరిత్రలో ఆ రెంటికీ మధ్య దాదాపు అర్ధశతాబ్దం ఎడం ఉంది. సముద్రం దాటినవాడు కులం నుంచి వెలి అవుతాడన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో, యావజ్జీవ ద్వీపాంతరవాసం, అంటే స్వస్థలానికి దూరంగా దీవికి పంపి జీవితాంతం అక్కడే ఉంచే శిక్ష, కాలాపానీగా జనవాడుకలోకి వచ్చింది. సెల్యులార్ జైలు మాత్రం ఆ శిక్షావిధానం బాగా ముదిరిన తరువాత, పోర్ట్‌బ్లెయిర్ సముద్రతీరాన మెట్టమీద లేచిన ఒక భవనం. ఆ పట్టణాన్ని 2024 నుంచి శ్రీ విజయపురంగా వ్యవహరిస్తున్నారు.

1857 తిరుగుబాటులో పట్టుబడినవారిని ఉంచడానికి ప్రధాన భూభాగంలోని జైళ్లు చాలకపోవడంతో, 1858 మార్చి 10న జె.పి. వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో అండమాన్‌లో దిగి శిక్షా వలసను, అంటే ఖైదీల శ్రమతోనే నిలబడే నివాసాన్ని, ప్రారంభించాడు. హైదరాబాదులో 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్ 1859లో చేరింది ఈ వలసకే. ఆయన సెల్యులార్ జైలులో మగ్గినట్టు అప్పుడప్పుడు వ్యాసాల్లో కనిపించే మాట సరికాదు, ఎందుకంటే అప్పటికి ఆ జైలుకు పునాది కూడా పడలేదు. ఆ తొలితరం ఖైదీలు అడవి నరికి, బురదనేలలు పూడ్చి, తమ గుడిసెలు తామే వేసుకున్నారు. చుట్టూ సముద్రం ఉండగా ప్రహరీ గోడ కట్టవలసిన అవసరం పాలకులకు తోచలేదు.

ఆ అవసరం 1890లో తోచింది. ఛార్లెస్ లయల్, ఎ.ఎస్. లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు వలసను పరిశీలించి, స్వదేశంలోని జైలుకన్నా అండమానే మేలని ఖైదీలు భావిస్తున్నారనీ, శిక్షలోని భయం సడలిపోయిందనీ తేల్చి, దీవికి వచ్చిన ప్రతి ఖైదీనీ మొదట కొంతకాలం ఏకాంత నిర్బంధంలో ఉంచాలని సిఫారసు చేశారు. అంటే ఈ జైలును తలపెట్టింది దేశభక్తుల కోసం కాదు, హత్యలకూ దోపిడీలకూ శిక్షపడిన సాధారణ ఖైదీలకు ద్వీపాంతరవాసాన్ని మళ్లీ భయానకం చేయడానికి. 1896లో మొదలై 1906లో ముగిసిన నిర్మాణంలో కూలీలు కూడా ఆ ఖైదీలే. తమను బంధించబోయే గదులను తామే కట్టారు.

మధ్యన కావలి గోపురం, దాని నుంచి బండిచక్రపు ఆకుల్లా విడివడిన ఏడు మూడంతస్తుల వరుసలు, వాటిలో దాదాపు 700 ఒంటరి గదులు: ఇదీ జైలు నిర్మాణ క్రమం. ఆ ఒక్కొక్క గదికి ఆంగ్లంలో సెల్ అనే పేరు ఉండటంవల్లనే జైలుకు సెల్యులార్ అన్న పేరు వచ్చింది. ఖైదీని ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపపడతాడన్న సిద్ధాంతంతో 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలుకు కూడా తొలుత ఏడు రెక్కలే ఉండేవి. అండమాన్‌కు వచ్చేసరికి పశ్చాత్తాపం మాట జారిపోయి ఒంటరితనం మాత్రమే మిగిలింది. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. వెనుక గోడకు మనిషి చేతికి అందనంత ఎత్తున ఒక చిన్న గవాక్షం. ఒక రెక్కలోని గదుల ముఖద్వారాలు ఎదుటి రెక్క వెనుక గోడవైపు తిరిగి ఉంటాయి గనుక, ఊచల్లోంచి చూసిన ఖైదీకి మరో ఖైదీ ముఖం కనిపించే వీలు లేదు. అన్నింటికన్నా తలుపు గడియను గమనించాలి: పొడవైన ఇనుప గడియ తలుపు దాటి పక్కగోడలో తొలిచిన గూటిలోకి పోయి అక్కడ తాళం పడుతుంది, ఊచల మధ్యనుంచి చేయి ఎంత చాచినా ఆ గూడు అందదు.

పగటిపూట రెక్కల నడుమ ఆవరణల్లో కొబ్బరిపీచు దంచడం, తాడు పేనడం, గానుగ ఆడించడం నిత్యకృత్యాలు. విశ్రాంతి లేని బతుకును గానుగెద్దుతో పోల్చడం తెలుగువారికి అలవాటైన ఉపమానం గాని, ఇక్కడ అది ఉపమానం కాదు, ఎద్దు స్థానంలో కాడిని తిప్పినవాడు మనిషి. రోజుకు 30 పౌన్లు, అంటే పదమూడున్నర కిలోలకు పైగా, కొబ్బరినూనె తీయాలి. లెక్క తగ్గితే బేడీలో, కొరడాయో తప్పేవి కావు.

1909 తరువాత బెంగాల్ విప్లవకారులు రావడంతో ఈ జైలు దేశమంతటికీ తెలిసింది. ఇందుభూషణ్ రాయ్ 1912లో గదిలోనే ఉరివేసుకున్నాడు, ఉల్లాస్కర్ దత్ మతి చలించింది. 1921 ప్రాంతంలో రాజకీయ ఖైదీలను వెనక్కి తరలించినా 1932లో మళ్లీ పంపసాగారు. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి మహావీర్ సింగ్ మరణించగా, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా కూడా ఆ దీక్షలోనే ప్రాణాలు విడిచారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఆంధ్రదేశం నుంచి ఇక్కడికి వచ్చింది ఈ రెండో దశలోనే. 1937 నాటి దీక్ష తరువాత, 1938 జనవరి నాటికి, రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి చేర్చారు.

1941 భూకంపంలోనూ, 1942 నుంచి 1945 దాకా సాగిన జపాన్ ఆక్రమణలోనూ కట్టడం దెబ్బతిని కొన్ని రెక్కలు కూలిపోయాయి. మిగిలినదానికి స్వతంత్ర ప్రభుత్వం ఇచ్చిన విలువ కూడా మొదట్లో అంతంతమాత్రమే: మరి రెండు రెక్కలను పడగొట్టారు, 1963లో జైలు ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది. మాజీ ఖైదీలు గట్టిగా అభ్యంతరం చెప్పిన తరువాతే మిగిలిన మూడు రెక్కలకు రక్షణ దొరికింది. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయి దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

నేడు సందర్శకులు గదుల్లోకి వెళ్లి నిలబడవచ్చు, ఉరిగదిని, గానుగ నమూనాను చూడవచ్చు, సాయంత్రం ఆవరణలోని రావిచెట్టు గొంతుతో కథ చెప్పే ధ్వని, వెలుగుల ప్రదర్శనకు కూర్చోవచ్చు. ప్రదర్శన ఆకట్టుకుంటుంది, అందులో సందేహం లేదు. అయితే మనిషికి మనిషి మాట వినపడకుండా చేయడానికి కట్టిన చోట లౌడ్‌స్పీకరు మోగుతున్నప్పుడు ఆ కట్టడపు అసలు క్రౌర్యం అర్థం కావడం కష్టం. జనం పలచబడిన వేళ మూడో అంతస్తులో ఒక గదిలో నిలబడి తలుపు గడియ కోసం చేయి చాచి చూసినవారికి అది కొంత తెలుస్తుంది. గోపురంలోని రాతిపలకల మీద ప్రాంతాలవారీగా చెక్కిన పేర్లు రాజకీయ ఖైదీలవి. పదేళ్లపాటు ఇటుకలు మోసి ఆ గోపురాన్ని లేపిన ఖైదీల పేర్లు వాటిలో లేవు.