మంచినీళ్లంటే ఏ నీళ్లు? చెలమ నుంచి క్యాన్ దాకా

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

మొన్న హాస్టల్ మెస్సులో ఇద్దరు తమ్ముళ్లు వాదించుకున్నారు. పాడేరు పైనుంచి వచ్చినవాడు "మా కొండ ఊట నీళ్లని మించినవి లేవు, ఈ క్యాన్ నీళ్లు ఎన్ని తాగినా దాహం తీరదు" అన్నాడు. దేవరకొండ వైపు తండావాడు "మీకు ఊట ఉంది కాబట్టి అంటున్నావు, మాకు క్యాన్ లేకపోతే కాళ్లు వంకర పోతాయి" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. మరి ఏ నీళ్లు మంచివి అని నన్నడిగారు. అక్కడ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఎందుకంటే వందేళ్లుగా మనకి ఎవరో ఒకరు వచ్చి "ఇవి తాగండి, ఇవే మంచివి" అని చెప్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఒక రోగం పోయింది, ఇంకోటి వచ్చింది.

మన పెద్దవాళ్ల లెక్క వేరే. పారే నీళ్లు, ఊరే నీళ్లు మంచివి, నిలిచిన నీళ్లు చెడ్డవి. వాగు ఎండితే ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకునేవాళ్లు. ఇసకే జల్లెడ. వానాకాలం నీళ్లు ఎర్రగా వస్తే కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు, కాసేపటికి మట్టి అడుక్కి దిగేది. ఇది మూఢనమ్మకం కాదు, ఆ గింజకి మట్టిని పేర్చి కిందికి దించే గుణం నిజంగా ఉంది. కానీ తేరుకున్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు. ఆ సంగతి కళ్లతో చూసి తెలుసుకునేది కాదు.

1884లో జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ కలకత్తాలో, జనం స్నానం చేసి, బట్టలుతికి, అవే నీళ్లు తాగే చెరువులో కలరా క్రిమిని పట్టుకున్నాడు. నీళ్ల రుచికీ రంగుకీ రోగానికీ సంబంధం లేదని మన దేశంలోనే అలా తేలింది. ఇప్పటికీ ఏజెన్సీలో తొలకరి పడగానే వాంతులు, విరేచనాలు మొదలవడానికి కారణం ఇదే. ఎండాకాలమంతా కొండవాలు మీద పేరుకున్న మలం, పశువుల పేడ మొదటి వానకి కొట్టుకొచ్చి ఊట గుంటలో పడతాయి. నీళ్లు మాత్రం చల్లగా, తియ్యగానే ఉంటాయి.

ఇంకోటి నారికురుపు. మీలో చాలామంది ఈ పేరు కూడా విని ఉండరు, అది మంచి విషయమే. కాలు మీద బొబ్బ లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. ఒక్కోటి మీటరు దాకా ఉండేది. పుల్లకి చుట్టి రోజుకి కొంచెం కొంచెం లాగాలి, తెగితే కాలు చీము పట్టేది. ఆ రోగం తాగే నీళ్ల వల్లే వస్తుంది, అదీ ఎక్కువగా దిగుడు బావుల నుంచి. కురుపు ఉన్న మనిషి మెట్లు దిగి కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలో పడేవి, వాటిని కంటికి కనపడీ కనపడని నీటిపురుగులు మింగేవి, ఆ నీళ్లు తాగినవాడికి ఏడాది తర్వాత కురుపు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండేది. మందు లేదు, టీకా లేదు. దిగుడు బావులు మూసి చేదబావులు చేశారు, బట్టతో వడకట్టుకుని తాగమన్నారు. అంతే. 1996లో రాజస్థాన్‌లో ఆఖరి కేసు, 2000లో దేశంలో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన. బట్ట వడపోత అంత పని చేసింది. మా యాడి ఇప్పటికీ బిందె మూతికి బట్ట కట్టే పడుతుంది, ఎందుకని అడిగితే "మా అమ్మ కట్టేది" అంటుంది.

ఇక అసలు కథ, బోరింగుది.

1966-67 కరువు తర్వాత యూనిసెఫ్ గట్టి రాయిని తొలిచే రిగ్గులు మన దేశానికి తెచ్చింది. 1970ల చివరికి ఇండియా మార్క్-2 అనే చేతిపంపు వచ్చింది. ఊరి బడి ముందు, తండా మధ్యలో ఇప్పటికీ నిలబడి ఉండేది అదే. లోతు నీళ్లలో క్రిములుండవు, కాబట్టి అవి మంచివి అన్నారు. క్రిముల వరకు అది నిజం. కానీ రాయి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నల్గొండ కింద ఉన్నది గ్రానైటు. ఆ రాయిలో ఫ్లోరైడు ఖనిజాలుంటాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఎన్నాళ్లు నిలిస్తే అంత ఫ్లోరైడు కరుగుతుంది. నీళ్లు అడుగంటిన కొద్దీ బోరు లోతుకి దింపాం, ఇంకా పాత నీళ్లు తాగాం.

నాకు కోపం తెప్పించే సంగతి ఏంటంటే, ఇది తెలియక జరిగింది కాదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో నడుం వంగక, మెడ తిరగక, కర్రలా బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, బావి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని రాశారు. అప్పటికి ఆ ఊళ్లు నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అంటే రిగ్గులు రావడానికి ముప్పై ఏళ్ల ముందే తెలుగు నేల మీద రుజువైన విషయం. అయినా బోరు వేసినప్పుడు నీళ్లు పడ్డాయా లేదా అన్నదే చూశారు, ఏం నీళ్లు పడ్డాయో చూడలేదు.

పిల్లలకి పళ్లు వచ్చే వయసులో పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. తర్వాత ఎముకలు. వంగిన ఎముకని మందు వెనక్కి తేలేదు. మా తాత ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాల్సిందే. వయసైపోయి అలా అయ్యాడనుకున్నాం చాలా ఏళ్లు.

నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. అది ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. పేరు దేశాలు తిరిగింది, నల్గొండ తండాల్లో నీళ్లు మాత్రం అవే. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో జనం వందల నామినేషన్లు వేశారు. నల్గొండ సీటుకి మొత్తం 480 మంది పోటీ. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. నీళ్లు అంత తొందరగా రాలేదు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కృష్ణ నీళ్లు కుళాయిల్లోకి వచ్చాయి. నది నీళ్లలో ఫ్లోరైడు తక్కువ కాబట్టి, శుద్ధి చేసి పంపితే మన ప్రాంతానికి అంతకంటే మంచివి లేవు. కానీ రుచి బాగాలేదని వాటితో గిన్నెలు తోమి, క్యాన్ కొనుక్కునే ఇళ్లు మా దగ్గరే ఉన్నాయి.

క్యాన్ నీళ్ల గురించి నా మాట. ఆర్వో మిషను ఫ్లోరైడుని తీసేస్తుంది, అందుకు మెచ్చుకోవాలి. దానితో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది, అందుకే ఆ చప్పదనం. బోలెడన్ని నీళ్లు కాలవపాలు చేస్తుంది. పైగా మిషను ఎంత శుభ్రమైనా, క్యాన్ కడగకపోతే లోపల పాచి పడుతుంది. మా హాస్టల్ క్యాన్ల అడుగు ఒకసారి వేలితో తడిమి చూడండి.

కాబట్టి తమ్ముళ్లిద్దరికీ నా జవాబు వేర్వేరుగా ఉంది. కొండవాడికి: మీ ఊట మంచిదే, పైన కప్పి, చుట్టూ కంచె వేసి, వానాకాలం మాత్రం మరగబెట్టి చల్లార్చి తాగండి. తండావాడికి: బోరు నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. భగీరథ నీళ్లు వస్తుంటే అవి తాగండి, రాకపోతే పరీక్ష చేయకుండా బోరు నీళ్లు తాగొద్దు. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా ఒకటిన్నర దాటకూడదు.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో అడగండి. లేకపోతే జిల్లా నీటి పరీక్షా కేంద్రానికి ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లండి, గాజు సీసా వద్దు. సీసా మీద తేదీ, ఏ బోరో రాయండి.

పోయిన దసరాకి మా తండా బడి ముందున్న బోరింగు నీళ్లు అలాగే పట్టుకెళ్లాను. ఒకటిన్నర దాటింది. తర్వాత పంపుకి ఎర్ర రంగు వేశారు, ఇప్పుడెవరూ తాగట్లేదు. మా గొడ్లు మాత్రం ఇప్పటికీ ఆ తొట్టిలోనే తాగుతున్నాయి.