నీలి నుండి అనిలిన్ వరకు

మస్కట్ పక్కనున్న మత్రా రేవు ఒమన్ దేశానికి పాత వాకిలి వంటిది. ఆ దేశపు లోనాడులో బహ్లా, ఇబ్రీ పట్టణాలలో పూర్వం నీలిరంగు అద్దకం సాగేది. అరబ్బులు ఆ రంగును ‘నీల్’ అంటారు. ఈ మాట మన ‘నీలిమందు’కు చుట్టమే, రెండింటికీ మూలం సంస్కృతంలోని ‘నీలీ’.

అరబ్బీలో ‘అన్నీల్’ అయిన ఈ మాట పోర్చుగీసువారి నోట ‘అనిల్’ అయింది. మత్రాలో కోట కట్టుకున్న ఆ పోర్చుగీసువారిని 1650లో ఒమనీలు వెళ్ళగొట్టారు. మాట మాత్రం ఐరోపాలో నిలిచింది. 1840లో ఫ్రిట్షే అనే శాస్త్రజ్ఞుడు నీలిమందును ఘాటైన క్షారంతో కాచి ఒక నూనె వంటి ద్రవం తీసి, దానికి ‘అనిలిన్’ అని పేరు పెట్టారు. 1856లో పద్దెనిమిదేళ్ళ పెర్కిన్ లండనులో తారు నుండి తీసిన అనిలిన్‌తో ఊదారంగు చేశారు. కృత్రిమ రంగుల పరిశ్రమ అలా మొదలైంది.

మన కడప సీమలో రైతులు నీలి పండించేవారు. పచ్చి ఆకులో నీలం కనిపించదు. ఆకును తొట్టిలో నానవేసి పులియనిచ్చి, ఆ నీటిని గాలి తగిలేలా బాగా చిలికితే రంగు అడుగున పేరుకుంటుంది. దానిని కాచి, వడకట్టి, ముద్దలుగా కోసి ఆరబెట్టేవారు. ఇదంతా చేతుల కష్టం.

1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చింది. 1901లో ఫ్లేగర్ చేసిన సవరణతో అనిలిన్ నుండే చౌకగా నీలి చేయడం సాధ్యమైంది. నీలి పేరు పెట్టుకున్న వస్తువే నీలి పంటకు ఎసరు పెట్టింది.

మన పెద్దల వలసకు ఇదే కారణమని చెప్పరాదు. మారిషస్‌కు 1834 నుండి, నేటాల్‌కు 1860 నుండి కూలీల ఓడలు నడిచాయి. అయినా ఈ మాట కథలో మనకొక పాఠం ఉన్నది. నీలి రేవు రేవునా రూపు మారినట్లే, మన తాతల పేర్లు కూడా ఓడల రిజిస్టర్లలో గుమాస్తాలు విన్నట్లుగా మారాయి. కనుక పాత పత్రాలలో ఇంటిపేరు వెదికేవారు అక్షరాలతోనే ఆగిపోరాదు. పైకి చదివి, చెవితో వినాలి. ‘అనిలిన్’లో ‘నీలి’ వినబడినట్లే, అక్కడ మన ఇంటిపేరూ వినబడవచ్చు.