బంకర్ లేని గోల్ఫ్ కోర్స్: ఒక ఉమ్మడి భూమి కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక గోల్ఫ్ కోర్స్ చరిత్ర. గోల్ఫ్ అనగానే స్కిప్ కొట్టకండి. నేనూ గోల్ఫ్ ఆడను, ఆ కర్ర ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలీదు. ఈ కథలో ఆట కన్నా నేల ముఖ్యం.

లండన్‌కి దక్షిణంగా ససెక్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడ యాష్‌డౌన్ ఫారెస్ట్, దాని అంచున ఫారెస్ట్ రో అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కనే రాయల్ యాష్‌డౌన్ ఫారెస్ట్ గోల్ఫ్ క్లబ్. 1888లో మొదలైంది. 1893లో విక్టోరియా రాణి 'రాయల్' అనే బిరుదు ఇచ్చింది. ఇంత పాత క్లబ్, ఇంత పేరున్న కోర్స్. అయినా అక్కడి ఓల్డ్ కోర్స్‌లో ఒక్క బంకర్ కూడా లేదు. బంకర్ అంటే బంతి పడితే ఆటగాడు తల పట్టుకునే ఇసుక గుంట. గోల్ఫ్ కోర్స్ అన్నాక అవి డజన్ల కొద్దీ ఉంటాయి. ఇక్కడ సున్నా.

డబ్బుల్లేక కాదు. తవ్వే స్వేచ్ఛ లేక. ఆ స్వేచ్ఛ ఎందుకు లేదో తెలియాలంటే క్లబ్ పుట్టడానికి పదకొండేళ్లు ముందుకి, ఒక రైతు పశువుల కొట్టంలోకి వెళ్లాలి.

ఫారెస్ట్ అంటే అడవి కాదు

ముందు ఒక చిన్న క్లారిటీ. ఇంగ్లండ్‌లో పాత కాలంలో ఫారెస్ట్ అంటే చెట్లు నిండిన చోటు అని అర్థం కాదు, రాజు వేటాడే నేల అని. యాష్‌డౌన్ ఫారెస్ట్ మధ్య యుగాల్లో అలాంటి జింకల వేట భూమి. అక్కడ ఎక్కువగా కనిపించేది హీత్‌ల్యాండ్. ఇసుక కలిసిన, పులుపు గుణం ఉన్న, సారం లేని నేల. దాని మీద మోకాలెత్తు పెరిగే హెదర్ పొద. వేసవి చివర్లో కొండంతా ఊదా రంగు పూలే. మధ్యలో పసుపు పూలు పూసే ముళ్ల పొద, దాని పేరు గోర్స్. ఇంకా బ్రాకెన్ అనే ఒక రకం ఫెర్న్.

చూడ్డానికి మనిషి చెయ్యి పడని ప్రకృతిలా ఉంటుంది. నిజానికి దాన్ని మనిషే తయారు చేశాడు. వేల ఏళ్ల క్రితం చెట్లు కొట్టి నేల తెరిచారు. ఆ తర్వాత తరతరాలుగా పశువుల్ని మేపారు, పొదలు కోశారు, పొయ్యిలోకి కట్టెలు పట్టుకుపోయారు. అదే ప్రాంతంలో ఇనుము కూడా కరిగించారు. 1496లో న్యూబ్రిడ్జ్ అనే చోట బ్లాస్ట్ ఫర్నేస్ నడిచింది, బ్రిటన్‌లో మొదటి వాటిలో అదొకటి. దానికి బొగ్గు కావాలి, బొగ్గుకి చెట్లు కావాలి.

ఇలా నేల నుంచి తీసుకుంటూనే ఉంటే సారం పోగవదు. సారం లేని నేలలో గడ్డి, చెట్లు గట్టిగా ఎదగలేవు. హెదర్ మాత్రం బతికేస్తుంది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

1693లో ఆ ఫారెస్ట్‌ని పంచారు. సగానికి పైగా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. దాదాపు 6,400 ఎకరాలు మాత్రం ఉమ్మడి భూమిగా మిగిలింది. ఉమ్మడి అంటే ఎవరిదీ కాదని కాదు. నేల జమీందారుది. మేత మీద, కోత మీద హక్కు చుట్టుపక్కల రైతులది. వాళ్లనే కామనర్లు అనేవాళ్లు.

ఫెర్న్ కోశాడని కేసు

1877 అక్టోబర్. జాన్ మైల్స్ అనే మనిషి ఫారెస్ట్‌లో బ్రాకెన్ కోస్తున్నాడు. బెర్నార్డ్ హేల్ అనే కామనర్ కోసం చేస్తున్న పని అది. ఎండిన బ్రాకెన్‌ని చలికాలంలో పశువుల కింద పరుస్తారు. పేడ, మూత్రం కలిసి అది ఎరువవుతుంది, పొలానికి పోతుంది. వందల ఏళ్లుగా అందరూ చేస్తున్న పనే. కానీ నేల యజమాని డె లా వార్ ఎర్ల్ మనుషులు ఆపారు. పశువులు మేపుకోండి, కోసుకుపోవడానికి మాత్రం మీకు హక్కు లేదన్నారు.

కోసుకుపోతే ఆయనకేం నష్టం అని మీకు డౌట్ రావచ్చు. నష్టం లెక్క వేరు, పెత్తనం లెక్క వేరు. ఈ భూమి మీద చివరి మాట ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

హేల్ తగ్గలేదు. కామనర్ల తరఫున విలియం అగస్టస్ రేపర్ అనే లాయర్ ఊరూరూ తిరిగాడు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని, మీ చిన్నప్పుడు ఎవరు కోసేవాళ్లు, ఏం కోసేవాళ్లు, ఎప్పుడు కోసేవాళ్లు అని అడిగి వాంగ్మూలాలు రాసుకున్నాడు. ఎందుకంటే చట్టం ప్రకారం తరాలుగా అడ్డు లేకుండా వాడుతున్నట్టు చూపిస్తే ఆ వాడకమే హక్కు అవుతుంది. కాగితాల్లో లేనిది మనుషుల జ్ఞాపకంలోంచి తీయాలి. 1880లో కింది కోర్టులో ఓడారు. 1881లో అప్పీల్‌లో గెలిచారు. అరవై ఏళ్ల వాడకం నిలబడింది.

ఆ గొడవ ముగింపుగా 1885లో పార్లమెంటు చట్టం వచ్చింది. ఫారెస్ట్‌ని చూసుకోడానికి కన్జర్వేటర్లు అనే బోర్డు పెట్టారు. నేల ఎర్ల్‌దే, హక్కులు కామనర్లవి, నిబంధనలు బోర్డువి. ఎవరూ తమ ఇష్టానికి కంచె వెయ్యకూడదు, తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు.

మూడేళ్లకే, 1888 క్రిస్మస్ ముందురోజు, గోల్ఫ్ క్లబ్ పుట్టింది. పుట్టినరోజు నుంచీ దాని చేతులు కట్టేసి ఉన్నాయి! బంకర్ తవ్వడానికి లేదు. దాంతో ఉన్న నేలనే ఆటగా మార్చుకున్నారు. అడ్డంకి కావాలా, హెదర్ ఉంది. వాగు ఉంది. గట్టు ఉంది, పల్లం ఉంది. ఆరో హోల్‌కి ఐలండ్ అని పేరు. చిన్న హోలే. కానీ గ్రీన్ చుట్టూ వాగు, కాలవ. గురి తప్పితే బంతి నీళ్లపాలు. ఒక్క బుట్టెడు ఇసుక పొయ్యకుండా అంత కష్టమైన హోల్ వచ్చింది.

కప్పు మీద నిలబడ్డ మనిషి

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, వదిలెయ్యలేను. పెద్దమనుషుల క్లబ్ పక్కనే 1892లో కాంటిలూప్ అని ఇంకో క్లబ్ వచ్చింది. అది ఊళ్లో కూలి, చేతిపని చేసుకునే వాళ్లది. వాళ్లు కోర్స్ మీద పని చేసి పెడతారు, బదులుగా అదే కోర్స్ మీద ఆడుకుంటారు. ఆ క్లబ్ నుంచి ఏబ్ మిచెల్ అనే కుర్రాడు వచ్చాడు. 1912లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి, అదనపు హోల్స్‌లో ఓడాడు. తర్వాత శామ్యూల్ రైడర్ అనే వ్యాపారికి కోచ్ అయ్యాడు. అవును, రైడర్ కప్ రైడరే. ఇవాళ్టికీ ఆ కప్పు మీద నిలబడి ఉన్న చిన్న బంగారు బొమ్మ ఏబ్ మిచెల్‌దే.

నేను ఇది చెప్పింది ట్రివియా కోసం కాదు. ఆ కోర్స్‌ని చేతులతో చూసుకున్నది ఎవరో తెలియాలని.

గెలిచిన హక్కు, మానేసిన పని

ఇప్పుడు కథలో ట్విస్ట్. కామనర్లు కోర్టులో గెలిచిన హక్కుని తర్వాతి తరాలు వాడటం మానేశాయి. ఎవరూ లాక్కోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో బొగ్గు, కరెంటు, కొన్న ఎరువు వచ్చాయి. చిన్న కమతాలు తగ్గాయి. పశువుల కింద బ్రాకెన్ పరిచే అవసరం పోయింది. కోసేవాళ్లు లేరు, మేపేవాళ్లు లేరు.

అప్పుడేమైంది? చెట్లు వచ్చాయి. ముందు బర్చ్ మొలకలు, తర్వాత పైన్. బ్రాకెన్ మందంగా పరుచుకుంది. ఆకు రాలి, కుళ్లి, నేలకి సారం వచ్చింది. సారం వస్తే హెదర్ ఓడిపోతుంది. 1947లో ఫారెస్ట్‌లో దాదాపు 90 శాతం హీత్. 2007 నాటికి అది 60 శాతం దగ్గరికి పడిపోయింది.

మీలో చాలామంది విన్నీ ద పూ కార్టూన్ చూసే ఉంటారు. ఆ ఎలుగుబంటి తిరిగే చోటు ఈ యాష్‌డౌన్ ఫారెస్టే. రచయిత ఎ. ఎ. మిల్న్ ఇల్లు అక్కడే ఉండేది. 1926 నాటి పుస్తకంలో ఇ. హెచ్. షెపర్డ్ గీసిన బొమ్మలు చూడండి. చాలా చోట్ల తెరిచిన నేల, అక్కడక్కడా పైన్ చెట్ల గుంపు. అదీ హీత్ అంటే.

చెట్లు వస్తే మంచిదే కదా అంటారు. అన్ని చోట్లా కాదు. నైట్‌జార్ అనే పక్షి ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి ఇక్కడ నేల మీదే గుడ్లు పెడుతుంది. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టకి గోర్స్ పొద, హెదర్ లేకపోతే బతుకే లేదు. 1962-63 చలికాలం తర్వాత బ్రిటన్ మొత్తంలో ఆ పిట్టలు పది జతల దాకానే మిగిలాయి. ఇంగ్లండ్‌లో 1800 నాటి పల్లపు హీత్‌లో 80 శాతానికి పైగా ఇప్పటికే పోయింది. మిగిలిన పెద్ద ముక్కల్లో యాష్‌డౌన్ ఒకటి.

మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు?

నేను కోడ్ రాసే రోజుల్లో ఒకటి గమనించాను. కొత్త ఫీచర్‌కి చప్పట్లు కొడతారు. పాత సిస్టమ్ పడిపోకుండా చూసేవాడి పేరు ఎవరికీ తెలీదు. హీత్ కూడా అలాంటి పాత సిస్టమే. దాన్ని నడిపిన టీమ్ వెళ్లిపోయింది, సిస్టమ్ మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఆ పనిలో కొంత కన్జర్వేటర్లు చేస్తున్నారు. ఎక్స్‌మూర్ గుర్రాలు, హెబ్రిడియన్ గొర్రెలు తెచ్చి మేపుతున్నారు. 1988లో ఈస్ట్ ససెక్స్ కౌంటీ కౌన్సిల్ ఆ నేలని డె లా వార్ కుటుంబం ఆస్తి నుంచి కొనేసింది, లేకపోతే ముక్కలుగా అమ్ముడుపోయే ప్రమాదం ఉండేది.

మరి గోల్ఫ్ వాళ్లు? హీత్‌ల్యాండ్ కోర్సుల్లో మంచి మెయింటెనెన్స్ అంటే మనం టీవీలో చూసే పచ్చ కార్పెట్‌కి సరిగ్గా ఉల్టా. ఎరువు వీలైనంత తక్కువ, సున్నం వెయ్యరు, నీళ్లు తక్కువ. సన్నగా, కొంచెం గోధుమ రంగులో ఉండే ఫెస్క్యూ, బెంట్ రకాల గడ్డి చాలు. ఎరువెక్కువైతే ముతక గడ్డి వచ్చి హెదర్‌ని తినేస్తుంది. ఆట జరిగే దారికి అటూ ఇటూ ఉన్న నేలే అసలు హీత్. అక్కడ బర్చ్ మొక్కల్ని చిన్నప్పుడే పీకాలి. ముసలి హెదర్‌ని ఒక్కో ఏడాది ఒక్కో ముక్క చొప్పున కొయ్యాలి, అదీ పక్షులు గూడు పెట్టని చలికాలంలో. కోసింది అక్కడే వదలకూడదు, బయటికి మోసెయ్యాలి. లేకపోతే కుళ్లి ఎరువవుతుంది. మరీ పాడైన చోట పై పొర మట్టి గీకేస్తారు. కింద దశాబ్దాలుగా నిద్రపోతున్న హెదర్ విత్తనాలకి వెలుతురు తగిలి మొలుస్తాయి.

ఒక్కసారి ఆ లిస్టు మళ్లీ చదవండి. కొయ్యడం, పీకడం, గీకడం, మోసుకెళ్లడం. 1877లో జాన్ మైల్స్‌ని ఆపింది సరిగ్గా ఈ పని చేస్తుంటేనే! అప్పుడు అది నేరం అన్నారు. ఇప్పుడు దానికి జీతం ఇచ్చి మరీ చేయిస్తున్నారు, పర్యావరణ పరిరక్షణ అని పేరు పెట్టి.

అయితే గోల్ఫ్ క్లబ్బుల్ని హీరోల్ని చెయ్యకూడదు. గ్రీన్స్, ఫెయిర్‌వేలు హీత్ కావు, అక్కడ హెదర్ పోయినట్టే. పేద రైతు హక్కుగా చేసిన పనిని సభ్యత్వం కట్టినవాళ్ల ఆట కోసం చెయ్యడం ఒకటి కాదు. క్లబ్ మంచి పేరు తెచ్చుకున్నది తన గొప్పతనంతో మాత్రమే కాదు, తవ్వొద్దు, కొట్టొద్దు అని ముందే గీసిపెట్టిన గీత వల్ల కూడా. ఆ గీత గీయించింది కామనర్లు. హద్దు పెట్టినవాళ్లుంటే ఆటకి కూడా బుద్ధి వస్తుంది అని నాకు అర్థమైంది.

మనకి దీనితో సంబంధం ఏంటంటే, ఒక మాట. ఇంగ్లిష్ చట్టంలో ఇలాంటి ఉమ్మడి నేలని 'వేస్ట్' అని రాసేవాళ్లు. ఆ మాటే తెల్లవాళ్ల రెవెన్యూ రికార్డులతో మన దేశానికీ వచ్చింది. మేత భూములు, గడ్డి మైదానాలు కాగితాల మీద పనికిరాని నేలలైపోయాయి. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో శాంక్చురీ పెట్టారు. ఆ పక్షి గుడ్డు పెట్టేది తెరిచిన గడ్డినేల మీదే. అలాంటి చోట మంచి మనసుతో చెట్లు నాటినా దానికి ఇల్లు పోయినట్టే.

కాబట్టి ఈసారి ఎవరైనా ఒక నేలని చూపించి 'ఖాళీగా పడుంది' అంటే, వెంటనే తలూపకండి. అక్కడ ఇదివరకు ఎవరు మేపారు, ఎవరు కోశారు, ఎందుకు మానేశారు అని ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. రేపర్ లాయరు చేసిందీ అదే. మీ ఊళ్లో అలాంటి నేల ఉంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్!