పండు లేని పండు వాసన

సుల్తాన్‌పూర్ గ్రామం పటాన్‌చెరు పారిశ్రామిక వాడలకు చేరువలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్నది. 2017లో అక్కడ వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగినది. గుండె నాళాలలో అమర్చే స్టెంట్లు మొదలైనవి తయారుచేసే కర్మాగారాలు నేడు అక్కడ ఉన్నవి. షిఫ్టు మారే వేళ రోడ్డు వార నిలిచే చాయ్ బండ్ల చుట్టూ తెలుగుతోపాటు హిందీ, ఒడియా, బెంగాలీ మాటలు వినబడతాయి. భాషలు ఎన్నైనా, అడిగే చాయ్ మాత్రం ఒక్కటే. పాలు, చక్కెర, అల్లం, పొడి అన్నీ ఒకే గిన్నెలో పొంగి పొంగి చిక్కబడినది.

ఆ పార్కులో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఇంటికి ఒక ఆదివారం వెళ్ళినాను. అతడు అలమారలోనుండి ఒక రేకుడబ్బా తీసి, “బావా, ఇది పీచ్ పండు ఊలాంగ్. దీంట్లో పాలు పోయొద్దు” అన్నాడు. మూత తీసీ తీయకముందే గది అంతా పండు వాసన నిండినది. డబ్బా వెల ఎంత అని అడిగితే మాత్రం మాట మార్చినాడు. మా అత్తగారు ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, “ఇది చాయ్‌నా, షర్బత్తా?” అని అడిగినారు.

ఆమె నవ్వులాటకే అన్నారు. కాని ఆ ప్రశ్నకు పన్నెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

8వ శతాబ్దిలో చైనా దేశంలో లూ యూ అనే పండితుడు తేయాకును గురించి మొట్టమొదటి శాస్త్రగ్రంథం రచించినాడు. అతని కాలపు జనం తేయాకుతోపాటు ఉల్లికాడలు, అల్లం, రేగుపండ్లు, నారింజ తొక్క, పుదీనా చేర్చి తెర్లకాచి తాగేవారు. అటువంటి పానీయం కాలువలో పారబోసే నీటితో సమానమని లూ యూ ఈసడించినాడు. అల్లం చాయ్ ప్రియులు నొచ్చుకోరాదు గాని, ఆ తిట్టు మనకూ తగులుతున్నది. పండును తేయాకుతో కలపడం నిన్న మొన్నటి విదేశీ వేడుక కాదని మాత్రం దీనివల్ల తేలుతున్నది.

లూ యూకు దాదాపు మూడు శతాబ్దుల తరువాత త్సాయ్ షియాంగ్ అనే రాజోద్యోగి ఇదే విషయాన్ని మరింత సున్నితంగా పరిశీలించినాడు. అతడు ఫూజియన్ రాష్ట్రం వాడు. చక్రవర్తికి కానుకగా పోయే తేయాకు తయారీని స్వయంగా చూచినవాడు. తేయాకుకు స్వంత పరిమళం ఉన్నదనీ, అయినా రాజుగారికి పంపే ఆకులో దానికి సాయంగా కొద్దిగా పచ్చకర్పూరం కలుపుతారనీ అతడు వ్రాసినాడు. మన లడ్డూలలో, దేవాలయ తీర్థంలో వేసే ఆ పచ్చకర్పూరమే! తేయాకు పండే సీమలోని సామాన్యులు మాత్రం పోటీలు పెట్టుకొని రుచి చూచేటప్పుడు ఏమీ కలిపేవారు కారట, అసలు వాసన పోతుందనే భయంతో. రాజుకు పరిమళం కలిపిన ఆకు, రైతుకు కలపని ఆకు! ఎవరి నాలుక గొప్పదో శ్రోతలే ఊహించుకోవచ్చు.

ఆ ఫూజియన్ సీమలోనే, వూయీ కొండల ప్రాంతంలో, 17వ శతాబ్ది నాటికి ఊలాంగ్ పద్ధతి రూపు కట్టినది. ఇక్కడ ఒక్క మాట భాషను గురించి చెప్పక తప్పదు. ఫూజియన్ తీరవాసులు తేయాకును ‘తే’ అంటారు. ఆ మాట డచ్చి వర్తకుల ఓడలమీద ఐరోపాకు పోయి, ఆంగ్లంలో ‘టీ’ అయి, దొరలతోపాటు మన కోస్తా జిల్లాలకు చేరినది. చైనాలో తక్కిన అనేక ప్రాంతాలవారు ‘చా’ అంటారు. అది నేలదారిన పారశీక దేశం చేరి ‘చాయ్’ అయినది. హైదరాబాదులో, దాని చుట్టుపట్ల నేటికీ అదే మాట. ఒకే ఆకుకు సముద్రం మీద వచ్చిన పేరు బెజవాడలోను, ఒంటెలమీద వచ్చిన పేరు సుల్తాన్‌పూర్‌లోను నిలిచినవి.

ఊలాంగ్ అంటే నల్లని డ్రాగన్ అని అర్థం. పచ్చ తేయాకును కోసిన వెంటనే వేడి తగిలిస్తారు గనుక దాని రంగు నిలుస్తుంది. మన ఎర్ర తేయాకును నలిపి గాలికి పూర్తిగా మాగనిస్తారు. ఊలాంగ్ ఈ రెండింటికీ నడుమ ఉన్నది. ఆకును ఎండలో కొంచెం వాడనిచ్చి, వెదురు చాటలలో పోసి మాటిమాటికీ కదిలిస్తారు. అంచులు ఒకదానికొకటి ఒరుసుకొని కందుతాయి. కందిన చోట గాలిలోని ఆమ్లజని సోకి ఎర్రబారుతుంది. నడుమ పచ్చగానే ఉంటుంది. చేయి తిరిగిన పనివాడు వాసన పసిగట్టి, ఇక చాలుననుకొన్న క్షణాన పెనంమీద వేయించి ఆ మార్పును ఆపివేస్తాడు. ఆ క్షణం ఎప్పుడన్నది గడియారం చెప్పదు. పచ్చి ఆకు వాసన పూవు వాసనగా, పూవు వాసన పండు వాసనగా మారే దారిలో ఎక్కడ ఆపితే అక్కడి రుచి నిలుస్తుంది. గ్వాంగ్‌డాంగ్‌లోని ఫీనిక్స్ కొండల ఊలాంగులలో కొన్ని లిచీ పండును తలపిస్తాయి. వాటిలో పండు ముక్క ఒక్కటీ ఉండదు.

ఇంతకంటె విచిత్రమైనది తైవాన్ ద్వీపంలో ‘ప్రాచ్య సుందరి’ అని పిలిచే ఊలాంగ్. సంగారెడ్డి జిల్లా పత్తి రైతుకు పచ్చదోమ అంటే తెలియనిది కాదు. ఆకు రసం పీల్చి, అంచులు ముడిచి, పైరును దెబ్బతీసే శత్రువు. ఆ కుటుంబానికే చెందిన ఒక పచ్చదోమ తైవాన్‌లో తేయాకు చిగుళ్ళను కుడుతుంది. దెబ్బ తిన్న మొక్క ఆత్మరక్షణకై కొన్ని పరిమళ ద్రవ్యాలను పుట్టిస్తుంది. ఆ చిగుళ్ళతో చేసిన ఊలాంగ్‌కు తేనె వాసన, పండిన పండు వాసన వస్తాయి. దోమ కుట్టాలంటే తోటలో మందు చల్లరాదు. మన రైతు పీడ అనుకొనేదాని కోసం అక్కడి రైతు ఎదురుచూస్తాడు.

తైవాన్ అప్పట్లో ఫార్మోసా. జాన్ డాడ్ అనే వర్తకుడు ఫూజియన్‌నుండి మొక్కలు తెప్పించి అక్కడ నాటించి, 1869లో ఫార్మోసా ఊలాంగ్‌ను నేరుగా న్యూయార్కుకు ఎగుమతి చేసినాడు. దానికి మంచి పేరు వచ్చినది. కాని 1873లో బేరాలు పడిపోయి సరుకు గోదాములలో నిలిచిపోయినది. అప్పుడు వర్తకులు ఏమి చేసినారు? అమ్ముడుపోని ఆకును ఫూజౌకు పంపి, పూలతో వాసన కట్టించి, పౌచాంగ్ అనే పేరుతో అమ్మినారు. పూల వాసన తప్పని నేననను; మల్లె తేయాకు చైనాలో గౌరవం గల కళే. కాని బేరం పోని ఆకుకు పరిమళపు అంగరఖా తొడిగే అలవాటు ఎంత పాతదో ఈ ఉదంతం తెలుపుతున్నది. పీచ్ పండు పరిమళంలో ముఖ్యమైన గామా డెకాలాక్టోన్ అనే పదార్థాన్ని నేడు సీసాలలో తయారుచేసి అమ్ముతారు. నాసి ఆకుమీద నాలుగు చుక్కలు చల్లితే డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనకు లోటుండదు.

మరి మన చాయ్ ఇలా ఎందుకయినది? 1903లో తేయాకు పన్ను చట్టం వచ్చి, ఆ సొమ్ముతో దేశంలో తేనీటి ప్రచారం సాగినది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మిల్లులలో, గనులలో, కర్మాగారాలలో కార్మికులకోసం టీ దుకాణాలు పెట్టించినారు. నీళ్ళు మరిగించి ఆకు నాననిచ్చి వడగట్టుమని ప్రచారకులు బోధించినారు. మన దుకాణదారు ఆకు తగ్గించి, పాలు చక్కెర పెంచి, మసాలా దట్టించినాడు. 1930 ప్రాంతంలో అస్సాంలో మెకర్చర్ రూపొందించిన సీటీసీ యంత్రం ఆకును చిన్న పూసలుగా మార్చిన తరువాత, కొద్దిపాటి పొడితోనే పాలకు రంగు పట్టడం తేలికైనది. ఇరానీ హోటళ్ళవారు డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాచి తమ దారి తాము చూచుకొన్నారు. బరువు పనిచేసేవానికి ఆ పాలు, ఆ చక్కెర ఆహారమే. దానిని లూ యూ ప్రమాణంతో కొలవడం న్యాయం కాదు.

సుల్తాన్‌పూర్ డబ్బా సంగతి మిగిలినది. పండు వాసన ఆకుదో, అద్దినదో తెలుసుకొనేందుకు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఒక చిన్న చెంచాడు ఆకుమీద, తెర్లి కొంచెం నెమ్మదించిన నీరు పోసి, మూడు నిమిషాలుంచి వంచుకోవాలి. అదే ఆకుమీద రెండవసారి, మూడవసారి నీరు పోయాలి. అద్దిన వాసన మొదటి కప్పుతోనే చాలా వరకు పోతుంది. మంచి ఊలాంగ్ నాలుగైదు నీళ్ళకు ఆగి, ఒక్కొక్క విడత ఒక్కొక్క రుచి ఇస్తుంది. మా బావమరిది పీచ్ రెండవ నీటికే సగమై, మూడవ నీటికి వేడినీళ్ళుగా మిగిలినది. మొదటి కప్పు మాత్రం బాగున్నదని నేను దాచకుండా చెప్పినాను. బాగుండడం వేరు, వెలకు తగి ఉండడం వేరు.

మరుసటి ఆదివారం నేను నీలగిరి తోటల ఊలాంగ్ ఒక పొట్లం, ఏమీ కలపనిది, పట్టుకొని వెళ్ళినాను. మూడవ నీటిలో ఇంకా సన్నని తీపి వాసన. మా అత్తగారు కప్పును ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకొని, “దీంట్ల ఏం పండు కలిపిన్రు?” అని అడిగినారు. ఏమీ లేదన్నాను. ఆమె నమ్మలేదు. పొట్లం విప్పి, ఆకులను అరచేతిలో పోసుకొని, వెలుతురులో తిప్పి తిప్పి చూచినారు. ఆ తరువాత లేచి, మా అందరికీ అల్లం చాయ్ పెట్టినారు.