కొలిమి, ప్రయోగశాల, పాఠకుడు

శాస్త్రజ్ఞుడు కనుగొన్న విషయం శాస్త్రజ్ఞులలోనే నిలిచిపోతే లోకానికి దానివల్ల కలిగే మేలు ఎంత? ఈ ప్రశ్నకు ఒక పట్టణ చరిత్ర చక్కని సమాధానం చెప్పుచున్నది. నేటి ఝార్ఖండ్ రాష్ట్రంలో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూర్ ఆ పట్టణం. అక్కడి ఉక్కు కథలో ధనానికి, సాహసానికి, శ్రమకు ఎంత స్థానమున్నదో, ఒక ప్రదర్శనశాల గోడకు వ్రేలాడిన పటానికీ అంత స్థానమున్నది.

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో జంషెట్జీ టాటా ఆశయం మేరకు ఆయన కుమారుడు దోరాబ్జీ, అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు వెల్డ్ మధ్య పరగణాలలోని చాందా ప్రాంతంలో ఇనుప ఖనిజం కొరకు వెదకి నిరాశ చెందినారు. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుపుటకై దోరాబ్జీ నాగపూరు వెళ్లినారు. అక్కడ అధికారి కొరకు వేచి ఉన్న సమయంలో, ఊరక కూర్చొనలేక, ఎదుటి ప్రదర్శనశాలలోనికి నడచినారు. దుర్గ్ జిల్లాలో ఇనుప ఖనిజమున్న తావులను రంగులతో చూపిన భూగర్భ పటం అక్కడ ఆయన కంటబడినది.

ఆ ఖనిజం సంగతి కొత్తగా కనుగొన్నది కాదు. భారత భూగర్భ పరిశోధనశాఖలో పనిచేసిన ప్రమథనాథ బోసు ఆ కొండలను ముందే పరిశీలించి నివేదిక వ్రాసి ఉన్నారు. అది అచ్చయినది, గ్రంథాలయాలకు చేరినది. కాని అవసరమున్న వారి చేతికి మాత్రం చేరలేదు. శాస్త్రపరిభాష తెలియని చూపు కూడా ఒక్క నిమిషంలో పట్టుకొనగల రూపంలోనికి ఆ జ్ఞానం మారి, ఎవరైనా అడుగుపెట్టగల చోట నిలిచినప్పుడే దానికి కాళ్లు వచ్చినవి.

కథ అంతటితో ముగియలేదు. దుర్గ్ ఖనిజం మేలైనదే అయినా, తగిన బొగ్గు, నీరు దానికి అందుబాటులో లేవు. ఉద్యోగ విరమణానంతరం మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన ఆ బోసుగారే గోరుమహిసాని కొండలలోని ఖనిజాన్ని గురించి 1904 ఫిబ్రవరి 24న జంషెట్జీకి లేఖ వ్రాసినారు. ఆ సంవత్సరమే మే నెలలో జంషెట్జీ మరణించినారు. 1907లో కంపెనీ ఏర్పడినది. సాక్చీ అనే పల్లె దగ్గర కట్టిన కర్మాగారంలో 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు వచ్చినవి. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినారు. వెనుకటి దుర్గ్ జిల్లా ఖనిజం దశాబ్దాల తరువాత భిలాయి కర్మాగారానికి ఆధారమైనది. పటం దారి చూపినది. ఆ దారి మేలో కాదో పరీక్ష తేల్చినది. సామాన్యునికి శాస్త్రం చెప్పదలచిన వారు ఈ రెండింటినీ గుర్తుంచుకొనవలెను. దారి చూపుటతో ఆగి, పరీక్షను మరుగుపరచిన రచన పాఠకునికి ఉత్సాహాన్ని ఇచ్చునే గాని జ్ఞానాన్ని ఇవ్వదు.

ఇందుకు జంషెడ్‌పూరే మరియొక నిదర్శనం చూపుచున్నది. 1950 నవంబరులో నెహ్రూ ఆ పట్టణంలో జాతీయ లోహ పరిశోధనశాలను ప్రారంభించినారు. 1963లో ఆ సంస్థ సాంకేతిక పత్రికలో ఢిల్లీ ఇనుప స్తంభాన్ని గురించిన పరిశోధనలు వెలువడినవి. ఆదివాసులు పాతకాలపు కొలిమిలో తీసిన ఇనుముతో ఆ స్తంభపు ఇనుమును పోల్చి చూచుట వాటిలో ఒకటి. పదునారు వందల ఏండ్ల నాటి రాజస్తంభాన్ని, అడవిలో తిత్తులూది ఇనుము తీసే మనిషి పనితనాన్ని ఒకే బల్లపై ఉంచి పరిశీలించుట ఎంతో ఉదారమైన ఆలోచన. కాని ఆ వ్యాసం చదివినవారు లోహశాస్త్రజ్ఞులే.

జనసామాన్యంలో ప్రచారమైనది వేరొక మాట: ‘ఆ స్తంభానికి తుప్పు పట్టదు, మన పూర్వుల రహస్యం నేటివారికి అంతుపట్టలేదు’ అని. ఇందులో రెండు భాగాలూ సరికావు. భూమిలో పాతిన భాగానికి తుప్పు పట్టినది. పైభాగానికి కూడా పలుచని తుప్పు పొర ఉన్నది. ఆ పొరయే కవచమై లోపలి లోహాన్ని కాపాడుచున్నది. కాన్పూరు ఐ.ఐ.టి.లో పనిచేసిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధనలు ఈ విషయాన్ని వివరించినవి. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. సున్నపురాయి కలపక, కట్టెబొగ్గుతో ఖనిజాన్ని కాల్చి ఇనుము తీసే పద్ధతి వల్ల భాస్వరం లోహంలోనే నిలిచిపోయినది. నేటి ఉక్కు తయారీలో భాస్వరం దోషం. లోహాన్ని పెళుసుగా చేయునని దానిని తొలగింతురు. నేటివారు దోషమని తొలగించేదే ఆ స్తంభానికి ఆయువు పోసినది. ఈ నిజం ఆ కట్టుకథ కన్న ఎంత రుచికరమైనది! దీనిని తెలిసికొన్న పాఠకునికి పూర్వులపై గౌరవం తగ్గదు. ఆ గౌరవానికి కారణం దొరకును.

పండితుల కొరకొకటి, పాఠకుల కొరకొకటి వ్రాయగలిగినవారు మన దేశంలో లేకపోలేదు. ఇనుము తీసే అగరియా జాతిని గురించి 1942లో ‘ది అగరియా’ అనే పరిశోధన గ్రంథాన్ని ప్రకటించిన వెరియర్ ఎల్విన్, 1958లో ‘ది స్టోరీ ఆఫ్ టాటా స్టీల్’ అనే పేరుతో ఈ కర్మాగారపు కథను సామాన్య పాఠకులకు చెప్పినారు. అయితే ఈ రెండు గ్రంథాలూ ఇంగ్లీషులోనివే. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పనికై వచ్చి తరాలుగా జంషెడ్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. కొలిమి ముందు నిలిచిన తెలుగువానికి ఆ కొలిమిలో జరుగుదానిని తెలుగులో చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

ఈ బాధ్యతను మనవారు గుర్తించకపోలేదు. ఆ ఉక్కు కంపెనీ పుట్టుటకు ఒక్క సంవత్సరం ముందు, 1906లో, హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు తన మిత్రులతో కలసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినారు. చరిత్ర, జీవిత చరిత్ర, రసాయన, జీవ శాస్త్రాల వంటి విషయాలపై తెలుగు గ్రంథాలు ఆ మండలి ద్వారా వెలువడినవి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ అందులోనిదే. శాసనాలు చదివి పరిశోధన చేయగల లక్ష్మణరావు, ఆ పాండిత్యాన్ని ఇంటింటికీ చేర్చుటనే తన జీవితకార్యంగా ఎంచుకొనుట గమనింపదగినది. ఆయన తలపెట్టిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మూడు సంపుటాలైనా అకారం దాటలేదు. 1923లో ఆయన మరణించినారు. అకారం వద్ద ఆగినది ఒక గ్రంథమే కాదు. ఒక జాతి చేయవలసిన పని.

ఉక్కు విషయంలో ఈ లోటు మరింత స్పష్టం. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు ఒకనాడు పారశీక దేశానికి ఎగుమతి అయ్యెడిది. ఆ ఉక్కును ఐరోపావారు ‘వూట్జ్’ అన్నారు. ఆ మాట దక్షిణాది భాషలలోని ‘ఉక్కు’ నుండే వచ్చినదని పండితులు భావింతురు. 1795లో పియర్సన్, తరువాత ఫారడే దానిని లండనులో పరీక్షించినారు. వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రపు పనిని కన్నులారా చూచి వ్రాసిన వివరణ 1832లో అచ్చయినది. మన ఊరి కమ్మరి విద్య పరభాషలో శాస్త్రమైనది. తిరిగి మన భాషకు రావలసిన దారిలో చాలవరకు ఆగిపోయినది.

ఆ దారి వేయుటకు పరిభాష లేదనుట పూర్తి సత్యం కాదు. మూస, తిత్తి, చిట్టెం, కొలిమి, పదును అనే మాటలు కమ్మరి నోట నేటికీ వినవచ్చును. వీనిని విడిచి, నిఘంటువులో తప్ప ఎక్కడా బ్రతకని సంస్కృత సమాసాలను కూర్చినప్పుడే శాస్త్రం పాఠకునికి దూరమగును. కమ్మరికి తెలిసిన మాటతో మొదలుపెట్టి, శాస్త్రజ్ఞుని పరీక్ష వరకు తీసికొనిపోయి, ఏది ఋజువైనదో ఏది ఊహయో విడదీసి చెప్పే గ్రంథం తెలుగువానికి కావలెను. నాగపూరు గోడపై ఉన్న పటం చేసిన పని అదే. ఆనాడు దానిని చూచినవాడు దోరాబ్జీ. తెలుగు పల్లెలోని ఏ గ్రంథాలయంలో ఏ బాలుడు అటువంటి పటం కొరకు వెదకుచున్నాడో, అతనికి అది అందుట మన రచయితల చేతిలో ఉన్నది.