విశాఖపట్నం – పోర్ట్‌బ్లెయిర్ విమాన మార్గం

విశాఖపట్నం విమానాశ్రయానికీ, అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ వీర్ సావర్కర్ విమానాశ్రయానికీ మధ్య వాయు దూరం సుమారు 1,225 కి.మీ. (దాదాపు 660 నాటికల్ మైళ్లు). ఎక్కడా ఆగకుండా వెళ్లే జెట్ విమానానికి ఈ ప్రయాణం సుమారు రెండు గంటలు పడుతుంది. తీరం దాటాక దారంతా బంగాళాఖాతమే. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.

దూరం

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను బట్టి, భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుని కట్టిన అతి దగ్గరి దూరమిది. పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై నుంచి సుమారు 1,370 కి.మీ., కోల్‌కతా నుంచి సుమారు 1,305 కి.మీ. అంటే ఈ రెండు మహానగరాలకన్నా విశాఖే దగ్గర. అయినా నేరుగా వెళ్లే విమానం లేని రోజున చెన్నై మీదుగా వెళ్తే దూరం దాదాపు 1,990 కి.మీ. అవుతుంది. అక్కడ విమానం మారడానికి పట్టే గంటలు అదనం.

ప్రయాణ సమయం

గంటకు 800 కి.మీ. వేగంతో 1,225 కి.మీ. దాటడానికి గంటన్నర చాలు. కానీ పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం గమ్యానికి సుమారు 200 కి.మీ. ముందే, ఇంకా సముద్రం మీద ఉండగానే దిగడం మొదలుపెడుతుంది. రన్‌వే దాకా నడిచే సమయం కూడా కలిస్తే రెండు గంటల లెక్క సరిపోతుంది.

గడియారం మార్చుకునే పని లేదు, రెండు చోట్లా భారత ప్రామాణిక కాలమే. అయితే పోర్ట్‌బ్లెయిర్ తొమ్మిదిన్నర డిగ్రీలు తూర్పున ఉండటంతో, సూర్యుడు అక్కడ సుమారు 38 నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. సాయంత్రం విశాఖలో ఇంకా ఎండ ఉండగానే అక్కడ చీకటి పడుతుంది.

గాలుల ప్రభావం

నైరుతి రుతుపవనాల కాలంలో ఆకాశం పైపొరల్లో తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో వివరించినవారు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆ నెలల్లో వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. పైన పడమటి గాలులు వీచే రోజుల్లో లెక్క తిరగబడుతుంది.

రన్‌వేలు

రెండూ నౌకాదళ వైమానిక స్థావరాలే: విశాఖలో ఐఎన్ఎస్ డేగా, పోర్ట్‌బ్లెయిర్‌లో ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. వాటి ప్రధాన రన్‌వేల పొడవు వరుసగా 3,050, 3,290 మీటర్లు. పోర్ట్‌బ్లెయిర్ రన్‌వే ఒక చివర కొండ ఉంది. అందుకే విమానాలు సాధారణంగా రెండో వైపు నుంచే దిగి, ఆ వైపుకే ఎగురుతాయి. వాతావరణం అనుకూలించక దిగలేకపోతే విమానం ప్రధాన భూభాగానికి తిరిగి రావలసి ఉంటుంది, కనుక ఇంధనం ఆ మేరకు ఎక్కువ నింపుకుంటారు.

తెలుగువారు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారికి సొంతూరికి మరో దారి విశాఖ ఓడ, దానికి రెండు రోజులకు పైనే పడుతుంది. పెళ్లికో చావుకో ఉన్నపళంగా బయల్దేరవలసిన మనిషికి నేరుగా వెళ్లే విమానం విలువ ఆ తేడాలోనే ఉంది.