ఒక్క తూటా తుపాకులు – ఒక వలస సమాజం వదిలిన గుర్తులు

తుపాకి గాయాలకు కుట్లు వేసే వైద్య దంపతులు పాత తుపాకులు సేకరించడమేమిటని మిత్రులు మమ్మల్ని అడుగుతూ వుంటారు. అడగవలసిన ప్రశ్నే. మా యింట వున్నవి మూడు. మూడూ నూరేళ్ళు దాటినవి, ఒకసారికి ఒకే తూటా పట్టేవి. మాకు వేట అలవాటు లేదు. మనకంటె ముందు ఈ దేశానికి వలస వచ్చినవారి చరిత్ర కొంత వీటిలో వుందని తెలిసిన తరువాతనే వాటి మీద ఆసక్తి కలిగింది. మనవంటి సంఘాలు పెట్టుకున్నవారికి ఆ చరిత్ర పనికివస్తుందనే నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పూర్వం తుపాకి అంటే మూతినుండి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేదే. మన పల్లెల్లో పంట కాపలాకు వాడిన నాటు తుపాకులు ఆ జాతివే. వెనుకనుండి నింపే తుపాకులు లేకపోలేదు గాని, వాటిలో పొగ, మంట వెనుకకు చిమ్మే బాధ వుండేది. హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పని నేర్చిన క్రిస్టియన్ షార్ప్స్ 1848లో ఒక మంచి పద్ధతికి పేటెంటు పొందాడు. క్రిందనున్న మీటను నెడితే బారెల్ వెనుకనున్న ఉక్కు దిమ్మ, చెరువు తూము పలక వలె, నిలువుగా దిగుతుంది. తూటా పెట్టి మీటను వెనుకకు లాగితే దిమ్మ పైకి వచ్చి మూసుకుంటుంది. కదిలే భాగాలు తక్కువ, బలం ఎక్కువ. అందువల్ల పెద్ద పెద్ద తూటాలను కూడా తట్టుకునేది. షార్ప్స్ 1874లో క్షయవ్యాధితో మరణించాడు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీతో సంబంధం అప్పటికి ఎన్నో యేళ్ళ క్రితమే తెగిపోయింది.

ఆ బలం వల్ల జరిగిన అనర్థాన్ని చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. 1870లలో రైలు మార్గాలు పశ్చిమానికి సాగగానే, తోళ్ళ వ్యాపారులు పంపిన వేటగాళ్ళు షార్ప్స్, రెమింగ్టన్ తుపాకులతో అడవిదున్నల మందలను తుడిచిపెట్టారు. వాటి మీద బ్రతికిన ఆదివాసుల జీవనాధారం దానితో పోయింది. లక్షోపలక్షలుగా వుండిన ఆ జంతువులలో మిగిలినవి 1,091 మాత్రమేనని విలియం హార్నడే 1889లో లెక్క కట్టాడు. పాత షార్ప్స్ తుపాకి పనితనాన్ని మెచ్చుకునేవారు ఈ అంకెను కూడా గుర్తుంచుకోవాలని మా అభిప్రాయం.

ఇక్కడ మన దేశపు ముచ్చట ఒకటి. 1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదన్నది. సరిగ్గా మరుసటి సంవత్సరం, 1879లో, యూటా ప్రాంతంలోని ఆగ్డెన్ అనే చిన్న వూళ్ళో జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే యిరవై నాలుగేళ్ళ యువకుడు తన మొదటి తుపాకికి పేటెంటు పొందాడు. అన్నదమ్ములు కలిసి చిన్న దుకాణంలో సుమారు 600 తయారు చేశారు. 1883లో వించెస్టర్ కంపెనీ ప్రతినిధి టి.జి. బెన్నెట్ ఆగ్డెన్‌కు వెళ్ళి, 8,000 డాలర్లకు దాని హక్కులు కొన్నాడు. అదే 1885 మోడలు. 1920 వరకు సుమారు 1,40,000 తయారయినవి. మా యింటి మొదటి తుపాకి యిదే.

వేటనుండి గురి పందేలకు వద్దాము. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు జట్టుకు, అమెరికా జట్టుకు పోటీ జరిగింది. జట్టుకు ఆరుగురు, దూరం 800, 900, 1,000 గజాలు. ఐరిష్ వారివి మూతినుండి నింపే రిగ్బీ తుపాకులు. అమెరికన్లవి వెనుకనుండి నింపే రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. ఐరిష్ జట్టులో ఒకాయన పొరపాటున పక్కవారి లక్ష్యాన్ని కొట్టి, నాలుగు పాయింట్లు పోగొట్టాడు. చివరి గుండు అమెరికన్ కర్నల్ బొడైన్‌ది. అంతకు కొంచెం ముందే జింజర్ బీర్ సీసా పగిలి ఆయన చేయి తెగింది. రుమాలు చుట్టుకుని కాల్చి, కేంద్రాన్ని కొట్టాడు. 934–931తో అమెరికా గెలిచింది. ఆ మైదానం తరువాత ప్రభుత్వపరమై, 1912 నుండి మానసిక వైద్యశాల అయింది. క్వీన్స్‌లోని క్రీడ్‌మూర్ ఆసుపత్రి పేరు వినని వైద్యమిత్రులు మనలో తక్కువ.

అదే క్వీన్స్‌లో గ్లెన్‌డేల్ పార్కు వుండేది. 1895లో అక్కడ దేశం నలుమూలల నుండి జర్మన్ షూట్జెన్ సంఘాలవారు చేరి పెద్ద ఉత్సవం చేశారు. ఈ సంఘాల కథే మేము ముఖ్యంగా చెప్పదలచినది. పంతొమ్మిదవ శతాబ్దంలో వలస వచ్చిన జర్మన్, స్విస్ కుటుంబాలు తమ వూళ్ళలోని గురి పండుగను వెంట తెచ్చుకున్నారు. వూరూరా సంఘం, సంఘానికొక తోట. ఆదివారం బ్యాండు మేళం, భోజనాలు, పిల్లల ఆటలు, పాటలు. పందెంలో గెలిచినవానికి ఆ యేటికి రాజుగా పట్టం. 200 గజాల దూరంలో యిరవై అయిదు వలయాల లక్ష్యం. నిలబడి, ఏ ఆనుడూ లేకుండా కాల్చాలి. పది గుళ్ళకు అత్యధికం 250.

అందుకు తగినట్లు తుపాకి కూడా మారింది. బారెల్ బరువెక్కింది. ఎడమ అరచేతిలో యిమిడే పిడి వచ్చింది. వెనుక భాగం భుజాన్ని, చంకను పట్టుకునే కొక్కెమయింది. స్టీవెన్స్, బల్లార్డ్, వించెస్టర్ తుపాకులకు పేరుపొందిన పనివారు కొత్త బారెల్స్ అమర్చేవారు. డెన్వర్‌లో జార్జ్ షోయెన్ నార్వే నుండి వలస వచ్చినవాడే. వీరందరిలో మిన్న హ్యారీ పోప్. ఎం.ఐ.టి.లో ఇంజనీరింగు చదివాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టగానే భూకంపంలో అది పోయింది. తరువాత మన జర్సీ సిటీకి వచ్చి, 1950లో మరణించేవరకు అక్కడే పనిచేశాడు.

ఇంత వైభవం ఒక్క తరంలో సన్నగిల్లింది. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధానికి దిగగానే జర్మన్ పేరు చెప్పుకోవడమే కష్టమయింది. 1918లో అయోవా గవర్నరు బహిరంగ స్థలాల్లోనే కాదు, టెలిఫోనులో కూడ ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడరాదని ప్రకటించాడు. నెబ్రాస్కా 1919లో చిన్న పిల్లలకు పరభాషలు నేర్పడాన్ని నిషేధించింది. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 1923లో కొట్టివేసింది గాని, అప్పటికే చాలా యిళ్ళలో తల్లిదండ్రులు పిల్లలతో జర్మన్ మానేశారు. 1920లో వచ్చిన మద్యనిషేధం తోటలను యింకా దెబ్బతీసింది. ఒక్క తూటా తుపాకుల సంప్రదాయాన్ని నిలపాలని 1948లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. అందువల్ల ఆట మిగిలింది. భాష మిగలలేదు.

మా స్టీవెన్స్ తుపాకితోపాటు పెట్టెలో ఒక చిన్న పతకం వచ్చింది. అమ్మిన పెద్దాయన ఆ పతకం గెలిచినవాని మునిమనుమడు. దాని మీద జర్మన్ లిపిలో మూడు వరుసలున్నవి. "ఏమి వ్రాసి వుందో మా యింట ఎవరికీ తెలియదు," అన్నాడాయన. మా ఆసుపత్రిలోని ఒక జర్మన్ వైద్యుని చేత చదివించాము. సంఘం పేరు, సంవత్సరం, ఆయన ముత్తాత పేరు. అర్థం వ్రాసి పంపితే ఆయన మాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు.

సేకరించదలచినవారికి నాలుగు జాగ్రత్తలు. పాత తుపాకిని మెరుగు పెట్టించకండి. తొలి రంగు పోతే విలువా, చరిత్రా రెండూ పోతాయి. వించెస్టర్ అయితే నెంబరు చెప్పి, వయోమింగ్‌లోని కోడీ మ్యూజియం వారినుండి అది ఎప్పుడు, ఏ రూపంలో కర్మాగారం విడిచిందో పత్రం తెప్పించుకోవచ్చు. 1968 కేంద్ర చట్టం ప్రకారం 1898లోగా తయారయినదే పురాతనం. రాష్ట్రాల, నగరాల నియమాలు వేరు, ముందుగా విచారించండి. నల్లమందు కోసం చేసిన తుపాకిలో నేటి పొగలేని మందు ప్రమాదం. సీసపు గుళ్ళు ముట్టుకుంటే చేతులు కడగండి, పిల్లలను దూరంగా వుంచండి. తుపాకి ఎప్పుడూ తాళంలో వుండాలి.

ఇక మన మాట. మన సంఘాలకు కూడా పండుగలున్నవి, పతకాలున్నవి, సభల ఫొటోలున్నవి. వాటి వెనుక పేర్లు, తేదీలు యివాళే వ్రాసి పెడదాము. దానికంటె ముఖ్యం, వాటిని చదవగలవారు మన యిళ్ళలో వుండేటట్లు చూసుకుందాము. శనివారం తెలుగు తరగతికి పిల్లలను తీసుకువెళ్ళడం బరువని తోచినప్పుడు ఆ మునిమనుమని మాట గుర్తు చేసుకుంటే చాలు.